ఇంటిలోపలి నారునకు ఎట్టి వెలుగు కావలెను?

వానకాలము వచ్చినతోడనే మా పాఠశాల తోటలో ప్రతి సంవత్సరమును ఒక చిక్కు కలుగుచుండును. వంగ, టమాటా, మిరప నారు పోసికొనవలసిన దినములు అవియే. నారుమడులను వాన చితుకగొట్టు దినములును అవియే. జడివాన కురిసిన మరునాడు విత్తనములు మడినుండి కొట్టుకొనిపోవును. మిగిలిన మొలకలకు నారుకుళ్లు తెగులు పట్టును. దానిని తప్పించుకొన్నవానిని కోళ్లును మేకలును తినివేయును. కావున నారును మడిలో గాక గుంటల ట్రేలలో పోసి, గదిలోపల నుంచి, దీపపు వెలుగున పెంచుట మేలని పలువురు తలచుచున్నారు. మిద్దె యిండ్లలో కాపురముండి, పెరడు లేక, మేడమీది తొట్లలో కూరగాయలు పెంచు తలిదండ్రులు కొందరు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న యిది: "అయ్యా, మొలకలకు ఏ రంగు దీపము పెట్టవలెను?" ఆ ప్రశ్నకు ఈ వ్యాసమున సమాధానము చెప్పబూనితిమి.

ముందుగా మా పొరపాటును చెప్పుకొనుట న్యాయము. కొన్ని సంవత్సరముల క్రిందట జూలై నెలలో నాలుగు ట్రేలయందు టమాటా, మిరప విత్తనములు వేసి, తోట సామానుల గదిలో బల్లమీద నుంచితిమి. ఆ గదికి చిన్న కిటికీ యొక్కటే కలదు. కప్పునుండి వ్రేలాడుచున్న పసుపుపచ్చని కాంతిగల ఎల్.ఇ.డి. దీపమును రాత్రింబవళ్లు వెలుగనిచ్చి, మా పని ముగిసినదని తలచితిమి. నీళ్లు చల్లు పనిని హాస్టలులో నుండు ఎనిమిదవ తరగతి బాలునికి అప్పగించితిమి. ఆ నారులో నలువది మొక్కలు అతని తల్లికి పంపుదుమని మాట యిచ్చియుంటిమి. ఆమె యింటి వెనుకనున్న రెండు సెంట్ల నేలలో కూరగాయలు పండించి సంతకు తీసికొనిపోవునది.

పదియవ దినమున చూడగా మొలకలు బెత్తెడు పొడుగు సాగి, నూలుపోగులవలె సన్నగిలి, తెల్లబారి, కిటికీవైపునకు వాలియుండెను. మరి నాలుగు దినములకు నేలబడెను. "నీళ్లెక్కువ పోసి చంపితివి" అని ఆ బాలుని తోటివారి యెదుట మందలించితిమి. "రోజు విడిచి రోజే పోసినానండీ" అని అతడొక్క మాట చెప్పి, మరి మాటాడలేదు. తప్పు నీటిది కాదు, వెలుగుది. ఆ వెలుగును అమర్చినది మేమే. ఈ సంగతి మాకు తరువాత తెలిసినది. అది ఎట్లు తెలిసినదో, అందువలన ఏమి నేర్చితిమో విద్యార్థులు గ్రహింతురుగాక.

మొలక ఎందుకు సాగును? పెండ్లియిండ్లలో పాలికలయందు నవధాన్యములు చల్లి, నీడ పట్టున నుంచుట మీరు చూచియుందురు. కొలది దినములలోనే అవి పొడుగుగాను, లేతపసుపు రంగుగాను ఎదుగును. ఎండలో వేసిన పెసర మొలక అదే కాలములో పొట్టిగా, పచ్చగా, గట్టిగా నుండును. పొడుగైనది బలమైనదని పొరబడరాదు. విత్తనము మట్టిక్రింద మొలకెత్తునప్పుడు దానికి వెలుగుండదు. మట్టిని చీల్చుకొని పైకి వచ్చువరకు తన యొద్దనున్న కొద్ది ఆహారమునంతయు కాడను పొడిగించుటకే వెచ్చించును. పైకి వచ్చి వెలుగు చూచినతోడనే ఆ పరుగు మాని, ఆకులు విచ్చి, పచ్చదనము తెచ్చుకొనును. గదిలోని వెలుగు చాలనిచో మొలక తానింకను మట్టిక్రిందనో, పెద్దచెట్ల నీడనో ఉన్నట్లుగానే ప్రవర్తించును. మా మొలకలు చేసినది ఇదియే. అవి వెలుగును వెదకికొనుచు, ఉన్న ఆస్తి యంతయు ప్రయాణమునకే ఖర్చుపెట్టి, చేరకమునుపే పడిపోయెను.

ఇక వెలుగును గూర్చి కొంత తెలిసికొనవలెను. తెల్లని వెలుగు ఒక్క రంగు గాదని ఐజాక్ న్యూటను 1666వ సంవత్సర ప్రాంతమున గాజు పట్టకముతో పరీక్షించి కనుగొని, 1672లో ప్రకటించెను. పట్టకముగుండ పోయిన సూర్యకిరణము ఇంద్రధనుస్సులోవలె ఊదా మొదలుకొని ఎరుపు వరకు గల రంగులుగా విడిపోవును. దీనినే వర్ణపటమందురు. వెలుగు అలల రూపమున పయనించును. అల పొడవు మారినకొలది రంగు మారును. మీటరును నూరు కోట్ల భాగములు చేసినచో అందొక భాగమును నానోమీటరందురు. నీలికాంతి అల పొడవు సుమారు 450 నానోమీటర్లు, పచ్చకాంతిది సుమారు 530, ఎరుపు కాంతిది సుమారు 660. మొక్కలు ఆహారము వండుకొనుటకు ఉపయోగపడు కాంతి ముఖ్యముగా 400 మొదలుకొని 700 నానోమీటర్ల లోపల నుండును.

మొక్కకు వెలుగు చేయు పనులు రెండు. మొదటిది ఆహారము, రెండవది వార్త. ఈ రెంటిని వేరువేరుగా గ్రహించిననేగాని దీపమును ఎన్నుకొనుట సాధ్యము గాదు.

ఆహారపు సంగతి మొదట చూతము. 1771లో జోసెఫ్ ప్రీస్ట్లీ యను ఆంగ్లేయ బోధకుడు, క్రొవ్వొత్తి మండి ఆరిపోయిన మూతపాత్రలోని గాలిని ఒక పుదీనా కొమ్మ కొన్ని దినములకు బాగుచేసినట్లు కనుగొనెను. ఆ బాగుచేయుట వెలుగుండగనే జరుగుననియు, మొక్కలోని పచ్చని భాగములే ఆ పనిని చేయుననియు 1779లో యాన్ ఇంగెన్‌హౌజ్ యను వైద్యుడు నిరూపించెను. తరువాత 1882లో జర్మను శాస్త్రజ్ఞుడు ఎంగెల్మన్ మిక్కిలి సొగసైన పరీక్ష చేసెను. నీటిలో పెరుగు పచ్చని నాచుపోగును సూక్ష్మదర్శిని క్రింద నుంచి, దానిమీద పట్టకముచే విడదీసిన వర్ణపటమును పడనిచ్చి, ప్రాణవాయువును వెదకు సూక్ష్మజీవులను ఆ నీటిలో విడిచెను. ఆ జీవులు ఎరుపు పడినచోటను, నీలము పడినచోటను గుంపులుగా చేరెను. పచ్చ పడినచోట పలుచగా నుండెను. ప్రాణవాయువు ఎక్కువగా పుట్టుచోటనే అవి చేరును గనుక, ఎరుపు, నీలి కాంతులవలన మొక్క పని మిక్కిలి చురుకుగా జరుగునని తేలినది. పత్రహరితము ఈ రెండు కాంతులనే అధికముగా గ్రహించును. పచ్చకాంతిని కొంత తిరుగగొట్టును. ఆకులు పచ్చగా కనబడుటకు కారణమిదియే.

అయితే ఇందుమూలముగా ఒక అపోహ పుట్టినది. పచ్చకాంతి మొక్కకు పనికిరానే రాదని పెక్కుమంది చెప్పుచుందురు. అది నిజము గాదు. 1972లో కీత్ మెక్రీ యను శాస్త్రజ్ఞుడు 22 రకముల పంటమొక్కల ఆకులమీద ఒక్కొక్క రంగును పరీక్షించి ప్రకటించిన ఫలితములనుబట్టి, పచ్చకాంతియు గణనీయముగనే ఆహారోత్పత్తికి తోడ్పడును. ఎరుపు, నీలి కాంతులు ఆకు పైపొరలలోనే ఆగిపోవుచుండగా, పచ్చకాంతి లోతునకు దిగి అడుగుపొరలకును, క్రిందియాకులకును కొంత పని కల్పించును.

ఇక వార్త సంగతి. మొక్కకు కన్నులు లేకపోయినను, ఏ రంగు వెలుగు ఏ దిక్కునుండి వచ్చుచున్నదో అది యెరుగును. చార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ కలిసి 1880లో ప్రకటించిన గ్రంథమున ఒక చిన్న పరీక్ష కలదు. గడ్డిజాతి మొలకలకు ఒక ప్రక్కనుండి వెలుగు తగులనిచ్చినప్పుడు అవి ఆ వైపునకు వంగెను. మొలక కొనను వెలుగు సోకని టోపీతో కప్పినప్పుడు వంగలేదు. చూచునది కొన, వంగునది దాని క్రిందిభాగము. ఈ వంగుడును నడిపించునది ముఖ్యముగా నీలికాంతియే. మరియు కాడను అతిగా సాగకుండ ఆపునదియు నీలికాంతియే. అది తగినంత యున్న మొలక పొట్టిగా, లావుగా, ముదురుపచ్చ ఆకులతో ఎదుగును. అది కొరవడినచో సాగును.

ఎరుపు కాంతి పలుకు వార్త వేరు. అమెరికాలోని బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధనాలయమున బోర్త్‌విక్, హెన్‌డ్రిక్స్ మొదలగువారు 1952లో ప్రకటించిన పరీక్షలో, తడిపిన లెట్యూసు విత్తనములకు ఎరుపు కాంతి చూపగా మొలచెను; వెంటనే ఎరుపునకు ఆవల సుమారు 730 నానోమీటర్ల కాంతి చూపగా మొలచుట మానెను. మరల ఎరుపు చూపగా మొలచెను. ఎన్ని సారులు మార్చినను, చివర చూపిన కాంతి చెప్పినట్లే విత్తనము నడుచుకొనెను. దీనికి మూలమైన వర్ణద్రవ్యమునకు తరువాత ఫైటోక్రోము అని పేరు పెట్టిరి. ఇందలి మేలు తోటపనివారికి సుబోధము. ఆకులు ఎరుపును పట్టుకొని, ఆవలి ఎరుపును విడిచిపెట్టును. కావున మొక్కల నీడలో ఆవలి ఎరుపు పాలు ఎక్కువగా నుండును. దానిని గుర్తించిన మొలక, "ప్రక్కవారు నన్ను మించుచున్నారు" అని తలచినట్లు పొడుగు సాగును. ఒక్క గుంటలో నాలుగైదు మొలకలను ఉంచరాదనుటకు ఇది గట్టి కారణము. మన ప్రాంతమున పొగాకు నారు పోయువారు ఆ సన్నని విత్తనమును లోతుగా పూడ్చకుండుటయు వివేకమే. పొగాకు విత్తనము వెలుగు సోకిననే బాగుగా మొలచును. టమాటా, వంగ, మిరప విత్తనములకు మొలచుటకు వెలుగు అక్కరలేదు; మొలక తల యెత్తిన దినముననే దీపము సిద్ధముగా నుండవలెను.

ఇన్ని సంగతులు చదివిన పిమ్మట మేము అదే గదిలో మరల మూడు ట్రేలు పెట్టితిమి. విత్తనమొక్కటే, మట్టియొక్కటే, నీరును కొలిచి పోసితిమి. మొదటిదానిపై మునుపటి పసుపుపచ్చ దీపము ఆరడుగుల ఎత్తున నుండెను. రెండవదానిపై అట్టి దీపమునే ఒక అడుగు ఎత్తునకు దింపితిమి. మూడవదానిపై అంతే వాట్లుగల తెల్లని పగటికాంతి దీపమును ఒక అడుగు ఎత్తుననే కట్టితిమి. ట్రేలకు నడుమ అట్టలు నిలిపితిమి. పండ్రెండవ దినమునకు మొదటి ట్రే మొలకలు మునుపటివలెనే వాలిపోయెను. రెండవ ట్రేలోనివి నిలిచినవిగాని కొంత సాగెను. మూడవదానిలోనివి పొట్టిగా, కాడ క్రిందిభాగము ఊదాచాయతో, గట్టిగా నిలిచెను. నీటి తప్పు ఏ ట్రేలోను లేదు.

దీనివలన తెలిసిన మొదటి పాఠము: రంగుకంటె ముందు వెలుగు మొత్తమును చూడవలెను. దీపము దూరమైనకొలది వెలుగు దూరపు వర్గము చొప్పున తగ్గును. ఆరడుగుల ఎత్తుననున్న దీపమును ఒక అడుగునకు దింపినచో, క్రింద పడు వెలుగు సుమారు 36 రెట్లగును. వెలుగును కొలుచు ప్రమాణము లక్సు. నడివేసవి మధ్యాహ్నపు టెండ ఒక లక్ష లక్సుల వరకు నుండును. మనము చదువుకొను గదిలో రాత్రివేళ మూడు నాలుగు వందలుండును. మన కన్ను దేనికైనను సర్దుకొనును గనుక, ఆ గది మనకు వెలుగుగానే తోచును. మొలకకు అది చీకటితో సమానము. తెల్లని దీపముల క్రింద కూరగాయల నారునకు సుమారు ఎనిమిది మొదలుకొని పదివేల లక్సుల వరకు కావలెను. నేటి చేతిఫోనులలో లక్సులను చూపు సాధనము దొరకును. అది ఖచ్చితమైనది గాకున్నను, ఒక స్థలమును మరియొక స్థలముతో పోల్చుటకు చాలును.

రెండవ పాఠము రంగును గూర్చినది. అంగడిలో దీపపు పెట్టెమీద 2700, 4000, 6500 అను అంకెలును, ప్రక్కన కెల్విను గుర్తును ముద్రించియుండును. ఇది కాంతి చాయను తెలుపు అంకె. తెల్లని ఎల్.ఇ.డి. దీపము నిజమునకు నీలికాంతి దీపమే. దానిమీద పూసిన పొడి ఆ నీలిలో కొంతభాగమును పసుపు, ఎరుపు, పచ్చ కాంతులుగా మార్చును. నీలికాంతినిచ్చు ఎల్.ఇ.డి.ని సాధించినందులకే అకాసాకి, అమానో, నకమురా యను ముగ్గురికి 2014లో నోబెలు బహుమానము లభించినది. 2700 అంకెగల పసుపుచాయ దీపములో నీలము సుమారు పదింట ఒక పాలు. 4000 గలదానిలో సుమారు అయిదింట ఒక పాలు. 6500 గలదానిలో పదింట మూడు పాళ్లకు కొంచెము తక్కువ. నారు సాగకుండ గట్టిగా ఎదుగవలెనన్న 4000 మొదలుకొని 6500 వరకు అంకెగల తెల్లని దీపము చాలును. అందు నీలమును కలదు, పచ్చయు కలదు, ఎరుపును కలదు.

కొందరు వర్తకులు ఊదారంగు దీపములను చూపి, మొక్కలకు ఇవియే తగినవని చెప్పుదురు. ఎరుపు, నీలి ఎల్.ఇ.డి.లను మాత్రమే చేర్చి చేసినవి గనుక అవి ఊదాగా కనబడును. వానిలో మొక్కలు ఎదుగకపోవు. కాని ఇంటివారికి వానితో రెండు కష్టములున్నవి. ఆ వెలుగులో ఆకులన్నియు నల్లగానో బూడిదవర్ణముగానో కనబడును. తెగులు మచ్చ గాని, పసుపుబారుట గాని తెలియదు. లక్సులు మనుష్యుని కంటికి అనువుగా కొలిచినవి గనుక, ఆ దీపముల బలము వానివలన సరిగా తేలదు. ఇంటిలో నారు పోసికొనువారు వానికొరకు ఎక్కువ సొమ్ము వెచ్చింపనక్కరలేదని మా అభిప్రాయము.

మూడవ పాఠము కాలమును గూర్చినది. దినమునకు 14 మొదలుకొని 16 గంటలు వెలుగు చాలును. మేము మొదట చేసినట్లు రాత్రింబవళ్లు వెలిగించుట మేలు గాదు. ముఖ్యముగా టమాటా మొక్క ఎడతెగని వెలుగును సహింపక ఆకులు పసుపుబారును. మనకువలెనే దానికిని రాత్రి యవసరము.

విద్యార్థులు లెక్క వేసికొనుటకై మా యిప్పటి యేర్పాటును చెప్పుచున్నాము. నాలుగడుగుల పొడవు, 20 వాట్లుగల తెల్లని ఎల్.ఇ.డి. ట్యూబులైట్లు రెండు, బెత్తెడు ఎడముగా ఒక చెక్కకు బిగించి, ఎత్తు మార్చుటకు వీలుగా త్రాళ్లతో వ్రేలాడదీసితిమి. వాని క్రింద 98 గుంటల ట్రేలు రెండు వరుసగా పట్టును. అనగా 196 మొక్కలు. దీపములు మొలకలకు జానెడు ఎత్తున నుండును. మొలకలు పెరిగినకొలది చెక్కను పైకి లాగుదుము. రెండు దీపములు కలిసి 40 వాట్లు. 16 గంటలకు 640 వాటు గంటలు. వేయి వాటు గంటలు ఒక యూనిటు గనుక, 25 దినములకు 16 యూనిట్లు మాత్రమే ఖర్చగును. ట్రేల చుట్టును తెల్లని కాగితము నిలిపినచో ప్రక్కలకు పోవు వెలుగు కొంత తిరిగి మొక్కలమీద పడును. దీనికి ఖర్చేమియు లేదు.

మొలకలే మనకు సమాచారము చెప్పుచుండును. కాడ సాగినచో దీపమును దింపవలెను. ఒక ప్రక్కకు వంగినచో ట్రేను త్రిప్పవలెను. ఆకులు పైనుండి తెల్లబారి అంచులు ముడుచుకొన్నచో దీపమును కొంచెము పైకెత్తవలెను. దినమునకు ఒకటి రెండు సారులు అరచేతితో మొలకల తలలను మెల్లగా నిమిరినచో, గాలి తగిలినట్లే కాడలు గట్టిపడును. సాగిన టమాటా నారును పారవేయనక్కరలేదు. నాటునప్పుడు కాడను లోతుగా పూడ్చినచో ఆ కాడనుండియే వేళ్లు పుట్టును. మిరపకు ఆ ఉపాయము అంతగా పనికిరాదు.

కడపట ఒక హెచ్చరిక. దీపము క్రింద పెరిగిన నారును ఒక్కసారిగా ఎండలో నాటినచో ఆకులు మాడును. పదివేల లక్సులకు అలవడినదానికి లక్ష లక్సులు దుర్భరము. మొదటి దినమున ఉదయపు నీరెండలో ఒక గంట, మరునాడు రెండు గంటలు, ఇట్లు ఏడు మొదలుకొని పది దినములు అలవాటు చేసి, సాయంకాలవేళ నాటవలెను. ఎండ తగులు వరండాగాని, మేడగాని యున్నవారికి దీపముతో పనియే లేదు. వాన తగులకుండ పైన మాత్రము కప్పవలెను. సూర్యుని వెలుగునకు సాటి వచ్చునది మనుష్యుడు ఇంకను చేయలేదు.

ఆదికాండములో వెలుగు మొదటి దినమునను, మొక్కలు మూడవ దినమునను, సూర్యుడు నాలుగవ దినమునను కలిగినట్లు చెప్పబడియున్నదిగదా, సూర్యుడు లేక మొక్కలెట్లు బ్రదికినవని మా తరగతిలో ఒక బాలిక అడిగినది. దానికి పండితులు పలువిధములుగా బదులు చెప్పుదురు. మేము చెప్పినది ఇంతియే: మొక్కకంటె ముందు వెలుగును సిద్ధపరచుట సృష్టికర్త క్రమము, మేమో, మొక్కను ముందు పెట్టి, వెలుగు సంగతి మరచి, నిరపరాధిని దూషించితిమి.

ఆ మూడు ట్రేల పరీక్ష ముగిసిన దినమున, ఏ తరగతి యెదుట ఆ బాలుని మందలించితిమో ఆ తరగతి యెదుటనే తప్పు మాదని ఒప్పుకొని క్షమాపణ వేడితిమి. అతడు సిగ్గుపడి తలవంచుకొనెను. కొత్త ఏర్పాటు క్రింద ఎదిగిన తరువాతి నారునుండి నలువది మొక్కలు ఎంచి, తడిగోనెలో చుట్టి, అతనిచేతనే అతని తల్లికి పంపితిమి. మూడు నెలలకు ఆమె హాస్టలునకు ఒక బుట్టెడు టమాటాలు తెచ్చియిచ్చినది. ఉపాధ్యాయులమైన మేము ఆ బుట్టను చూచి నేర్చుకొన్నది, పుస్తకములలో చదివినదానికంటె తక్కువ గాదు. విద్యార్థులారా, మొలక వాలినప్పుడు నీళ్లు పోసినవానిని అడుగుటకు ముందు, తలయెత్తి దీపమును చూడుడు.